మిచౌంగ్ నీళ్ళు, దుబాయ్ మాటలు, మా మురుగు కాలువ

ప్రశ్న ఇది: "వాతావరణ మార్పు, భూతాపం అని రోజూ వింటున్నాం. దాని ప్రభావం మీ సొంత జీవితంలో ఎప్పుడైనా కళ్ళారా చూశారా? ప్రపంచ దేశాలు చేస్తున్న ప్రయత్నాల వల్ల మనకి ఒరిగేదేమైనా ఉందా?"

చూశాను. 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపానుకి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చూశాను. ఒరిగేది ఉందా అంటే, మనుషుల వరకు కొంత ఉంది, పంట వరకు ఏమీ లేదు. వివరంగా చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మాది బాపట్లకి, రేపల్లెకి మధ్యలో ఒక ఊరు. కృష్ణా పశ్చిమ డెల్టాలో చివరి భూములు. సాగునీళ్ళు అందరికంటే ఆఖరున మాకొస్తాయి. పైనున్న ఊళ్ళ మురుగు, అంటే చేలలోంచి దిగే అదనపు నీళ్ళు, మాత్రం ఏ లోటూ లేకుండా వచ్చేస్తుంది. నాన్న, అన్నయ్య వ్యవసాయం చేస్తారు. సొంతం ఎకరంన్నర, కౌలుకి నాలుగెకరాలు. నేను విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు చూస్తాను. పంట రోజుల్లో సెలవు పెట్టి వెళ్తుంటాను, దాని మీద మా మేనేజరుగారికి నాకూ ప్రతి ఏడాదీ గొడవే.

ఆ ఏడాది సార్వా, అంటే ఖరీఫ్ వరి, మొదటి నుంచీ ఏడిపించింది. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలో అంత పొడిగా గడిచిన ఆగస్టు ఇంకోటి లేదు. మామూలు కంటే 36 శాతం తక్కువ వాన. ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని దెబ్బతీయడం. శ్రీశైలం నిండలేదు, సాగర్ నిండలేదు. మా వైపు కాలువలో నీళ్ళు రావాల్సినప్పుడు రాలేదు. ఆయిల్ ఇంజన్లు పెట్టి మురుగు కాలువలో నీళ్ళు తోడి నాట్లు బతికించారు. ఆ ఇంజను పొగ, డీజిల్ ఖర్చు, రాత్రిళ్ళు కాపలా, అదంతా వేరే కథ. ఈ మురుగు కాలువని మాత్రం గుర్తుపెట్టుకోండి.

నవంబరు 30 సంగతి చెప్తాను. ఆ రోజు తెలంగాణలో పోలింగు. అదే రోజు నాగార్జునసాగర్ డ్యాం మీద నీళ్ళ కోసం రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. అదే రోజు దుబాయ్‌లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్28 మొదలైంది, మొదటి రోజే, వాతావరణ మార్పుతో నష్టపోయే పేద దేశాల కోసం "నష్ట పరిహార నిధి" అమల్లోకి తెస్తున్నామని చప్పట్లు కొట్టుకున్నారు. ఇటు మా చేలో కోతలు జరుగుతున్నాయి. నీళ్ళు లేవని పోలీసులు తోసుకున్న ఐదు రోజులకి, డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నేను ఊహించి చెప్తున్నది కాదు, ఎవరైనా పాత పేపర్లు తీసి చూసుకోవచ్చు.

కోతల గురించి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. తుపాను ముందే చెప్తారు కదా, మిషన్ పెట్టి ఒక్క రోజులో కోసేసుకోవచ్చు కదా అని ప్రతివాడూ అడుగుతాడు. మా వైపు వరి తర్వాత మినుము. వరి కోతకి మూడు నాలుగు రోజుల ముందే, నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లుతారు. నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరు వస్తుంది, దుక్కి లేదు, తడి లేదు. తేమ మీద పెద్ద మిషన్ దింపితే చక్రాల కింద ఆ మొలకంతా నాశనం. అందుకని కూలీలతో కోయించి, పనలు (కోసిన వరి కట్టలు) చేలోనే పరుస్తారు. నాలుగైదు రోజులు ఎండితేగానీ కుప్ప వేయరు, పచ్చి మీద కుప్ప పెడితే లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. పైగా గేదెలకి గడ్డి కావాలి. ఇదంతా రైతుకి తెలియక చేసే పని కాదు, రెండు పంటలు ఒకే తేమలో తీసే తెలివి. ఆ నాలుగైదు రోజులు ఆకాశం మాట వినాలి, అంతే. డిసెంబరు మొదటి వారం ఆకాశం మీద ఇదివరకున్న ఆ నమ్మకం ఇప్పుడు లేదు.

నేను ఊరికి వెళ్ళింది డిసెంబరు 3న, ఆదివారం. ఇంట్లో టీవీ పెడితే అన్ని చానళ్ళలోనూ తెలంగాణ ఓట్ల లెక్కింపు. తుపాను కింద స్క్రోలింగులో నడుస్తోంది. మా అమ్మ ఆ స్క్రోలింగు చదవలేక "ఆ కింద పరిగెత్తేదేదో పైన పెట్టొచ్చు కదరా" అంది. మన న్యూస్ చానళ్ళ గురించి ఇంతకంటే మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు.

పనలు పరిచి ఉన్నది మూడెకరాల్లో. మిగతాది కోయకుండా నిలబడి ఉంది. ఆ సాయంత్రం చినుకులు మొదలయ్యేలోపు దొరికిన మనుషులతో కొంత గట్టు మీదకి లాగి టార్పాలిన్ పట్టలు కప్పాం. పట్టలు కూడా చాలలేదు, ఊరందరికీ ఒకేసారి కావాలి కదా. సోమవారం పొద్దుటి నుంచి ఇక ఆగలేదు. మంగళవారం మధ్యాహ్నం గాలి. మా ఇంటి ముందు మునగచెట్టు విరిగింది, కొబ్బరాకులు గోడలకి కొట్టుకున్నాయి, కరెంటు సోమవారం రాత్రే పోయింది.

బుధవారం పొద్దున చేలోకి వెళ్ళాం. గట్టు కనపడలేదు. పనలు నీళ్ళలో తేలుతున్నాయి, గాలికి కొట్టుకొచ్చి అన్నీ ఒక మూలకి చేరాయి. మాదేదో, పక్క చేను వాళ్ళదేదో తెలియదు. నిలబడ్డ చేను మొత్తం ఒకే వైపు పడుకుంది. అన్నయ్య దిగి ఒక పన చేత్తో ఎత్తితే, ఎప్పుడూ ఒక చేత్తో తేలిగ్గా ఎత్తేది, రెండు చేతులా లేవలేదు. నాన్న గట్టు మీద నుంచే "ఎత్తకండ్రా, గింజ రాలిపోద్ది" అన్నారు. నీళ్ళ అడుగున చేయి పెట్టి తడిమితే మినుము విత్తనం చేతికి తగిలింది. ఉబ్బి, తొక్క ఊడి, జిగురుగా ఉంది. దాని సంగతి అక్కడే తెలిసిపోయింది.

తర్వాత ఉప్పు కార్యక్రమం. కంకి మీద మొలక రాకుండా లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమని శాస్త్రవేత్తలు చెప్తారు. ఊళ్ళో రెండు కిరాణా కొట్లలోనూ కళ్ళుప్పు అయిపోయింది. అన్నయ్య బండి మీద వెళ్ళి ఎక్కడి నుంచో ఒక బస్తా తెచ్చాడు. మందు కొట్టే ట్యాంకు వీపుకి తగిలించుకుని, మోకాలి దాకా బురదలో, పనల మీద ఉప్పునీళ్ళు కొట్టుకుంటూ తిరిగాం. చేతుల మీద గడ్డి కోసుకుపోయిన గీతలన్నీ ఆ ఉప్పుకి మంటెక్కాయి. అయినా మాది బీపీటీ (సాంబ మసూరి) రకం, దానికి మొలక తొందర అని మా వైపు అందరూ అనేదే. శుక్రవారానికి కంకులకి తెల్లటి మొలకలు సూదుల్లా పొడుచుకొచ్చాయి.

ఇక మురుగు కాలువ. వాన ఆగింది, ఎండ కూడా వచ్చింది, చేలో నీళ్ళు మాత్రం కదల్లేదు. కాలువ నిండా గుర్రపుడెక్క, తూడు లాంటి కలుపు. ఆగస్టులో మేం ఇంజన్లు పెట్టినప్పుడే కనిపించింది, అడుగున మట్టి మేట వేసి పైన పచ్చటి దుప్పటి కప్పినట్టుంది. అడిగితే అంచనాలు పంపాం అన్నారు. అంతకు ముందు ఏడాది అడిగినా అదే మాట. దిగువన చెరువులు తవ్వినవాళ్ళు కాలువని ఇరుకు చేశారు, వాళ్ళని అడిగేవాడు లేడు. చివరికి ఊళ్ళో కుర్రాళ్ళు దిగి, చేతుల్తో కత్తుల్తో గుర్రపుడెక్క నరికి దారి చేస్తే అప్పుడు కదిలాయి నీళ్ళు. అప్పటికి గింజ పాడైపోయింది.

నన్నడిగితే మా నష్టంలో సగం తుపానుది, సగం కాలువది. దీనికి నా దగ్గర లెక్కలేమీ లేవు, మా చేలో కంటే ఎగువన కాలువ బాగున్న చోట రెండు రోజుల్లో నీళ్ళు దిగిపోయి పంట బయటపడటం చూసి చెప్తున్నాను. ఒకప్పుడు చేను మునిగితే రైతు అధికారిని తిట్టేవాడు, అధికారి తలొంచుకునేవాడు. ఇప్పుడు గట్టు మీద నిలబడి ఫొటో దిగడానికి వచ్చినాయన "ఏం చేస్తామండీ, క్లైమేట్ చేంజ్" అన్నాడు. మా నాన్న ఆ మాట అర్థంకాక నా వైపు చూశారు. నేను వివరించలేదు. వాతావరణ మార్పు అబద్ధమని నేననను, పూడిక తీయనివాడికి అది దొరకరాని సాకుగా దొరికింది అంటాను.

అబద్ధం కాదని ఎందుకంటున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక పెదనాన్నగారు "తుపాన్లు ఎప్పుడూ ఉన్నాయి, ఇదంతా తెల్లవాళ్ళ వ్యాపారం" అని వారానికోసారి పెడుతుంటారు. తుపాన్లు ఎప్పుడూ ఉన్నమాట నిజమే. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మా నాన్న చిన్నప్పుడు, మాకు కృష్ణకి అవతలి ఒడ్డున. 1990 మే తుపాను కూడా మా వైపు అందరికీ గుర్తే. మారింది తుపాను ఉండటం లేకపోవటం కాదు, దాని కింద పొయ్యి. బొగ్గు, పెట్రోలు కాల్చకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో 280 వంతులుండేది, ఇప్పుడు 420 దాటింది. ఆ అదనపు వేడిలో 90 శాతం సముద్రం మింగుతోంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుంది. అంటే అదే తుపాను ఎక్కువ నీళ్ళు మోసుకొచ్చి కుమ్మరిస్తుంది. తుపాన్ల సంఖ్య పెరుగుతుందా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఆచితూచి మాట్లాడతారు, తీవ్రమైనవాటి పాలు పెరుగుతుందని మాత్రం గట్టిగానే చెప్తున్నారు. ఒకే పంటకి ఆగస్టులో నీళ్ళు లేక, డిసెంబరులో నీళ్ళు ఎక్కువై, రెండు దెబ్బలు తగలడం మా నాన్న వయసువాళ్ళు కూడా ఎప్పుడో గానీ చూసింది కాదు. ఇప్పుడు తరచూ చూస్తున్నారు. మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరు మొదట్లో, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. బుడమేరు వాగు విజయవాడలో నేనుండే వైపు ఇళ్ళలోకి వచ్చింది. ఊరు వదిలి పట్నం పోతే తప్పించుకుంటామనుకునేవాళ్ళకి సమాధానం అక్కడే ఉంది.

ఇక ప్రపంచ దేశాల సంగతి. ముందు మంచి మాట. 1977లో పది వేల మందికి పైగా పోయారు. మిచౌంగ్‌లో మా ఊళ్ళో ఒక్క ప్రాణం పోలేదు. ఉపగ్రహాలున్నాయి, మచిలీపట్నంలో రాడార్ ఉంది, తుపాను ఎటు వస్తుందో రోజుల ముందే చెప్పారు, చెప్పినట్టే వచ్చింది. తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు, వాటిలో చాలా వాటికి ప్రపంచ బ్యాంకు డబ్బు ఉంది. అప్పే లెండి, దానం కాదు. అయినా అది నిజంగా పనికొచ్చింది, దాన్ని కాదనను.

మిగతాది చూడండి. మేం ఉప్పునీళ్ళు కొడుతున్న వారంలోనే దుబాయ్‌లో సదస్సు నడుస్తోంది. దాని అధ్యక్షుడు అక్కడి ప్రభుత్వ చమురు కంపెనీ అధిపతి. ఆ నష్ట పరిహార నిధికి అప్పుడు యూఏఈ 10 కోట్ల డాలర్లు, జర్మనీ 10 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. చరిత్రలో అందరికంటే ఎక్కువ పొగ వదిలిన అమెరికా, మొత్తంలో దాదాపు నాలుగో వంతు దాని ఖాతాలోదే, ఇస్తానన్నది కోటీ 75 లక్షల డాలర్లు. మన లెక్కలో సుమారు 146 కోట్ల రూపాయలు. మన పెద్ద హీరోల సినిమాలకి ఇంతకి రెట్టింపు పెడుతున్నారు. అది కూడా ప్రపంచం మొత్తానికి. చివర్లో శిలాజ ఇంధనాల నుంచి "దూరంగా జరుగుదాం" అని రాసుకుని లేచారు. మరుసటి ఏడాది అజర్‌బైజాన్ రాజధాని బాకూలో జరిగిన సదస్సులో 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు అన్నారు, పేద దేశాలు అడిగినదాంట్లో నాలుగో వంతు కూడా కాదు, మన దేశం అక్కడే లేచి అభ్యంతరం చెప్పింది. 2025 జనవరిలో అమెరికా, భూతాపాన్ని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం నుంచి మళ్ళీ తప్పుకుంటున్నానంది. అయిపోయింది.

మన దేశం 2070కి నెట్ జీరో, అంటే వదిలే పొగకి, పీల్చుకునే పొగకి సరిసమానం, అంది. తలసరి చూస్తే మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికావాళ్ళది 14 దాకా. కాబట్టి నాకు దాని మీద పెద్ద ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఆ ఉపన్యాసాలు మా గట్టు దాకా వచ్చేసరికి ఏ రూపంలో వస్తాయన్నది. ఈమధ్య కార్బన్ క్రెడిట్లు అంటూ ఒక కంపెనీ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. వరి చేలో నీళ్ళు నిలబెడితే మీథేన్ వస్తుందట, నిజమే, వస్తుంది. అందుకని మధ్య మధ్యలో చేలో నీళ్ళు తీసేసి ఆరబెట్టాలట, అలా చేస్తే డబ్బులిస్తారట. అన్నయ్య ఓపిగ్గా అంతా విని, "తీసేస్తాం బాబూ, తీసి ఎక్కడ పోయమంటావు?" అని కాలువ చూపించాడు. ఆ కుర్రాడు మంచివాడు, నవ్వి మజ్జిగ తాగి వెళ్ళాడు.

డబ్బు లెక్క చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. ఆ ఏడాది వరి మద్దతు ధర క్వింటాలుకి 2,183. మా 75 కేజీల బస్తాకి 1,637 రూపాయలు పడుతుంది. అది రంగు బాగుండి, తేమ 17 శాతం లోపుంటే. మొలకొచ్చిన ధాన్యం ఎండబెట్టి తీసుకెళ్తే మిల్లు దగ్గర ఒకాయన గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి, ఏమీ అనకుండా కింద పోసేశాడు. తర్వాత దళారీ వచ్చి నాలుగైదు వందలు తగ్గించి తీసుకున్నాడు. ఎకరానికి ముప్ఫై దాటి పండేది, పదిహేను బస్తాలు కూడా రాలేదు. అప్పటి విపత్తు సాయం నిబంధనల ప్రకారం, 33 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ పంట పోతే, నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకి 17,000. అంటే ఎకరానికి ఏడు వేల లోపు. అది కూడా కౌలు రైతు చేతికి రావాలంటే అప్పట్లో కౌలుదారు కార్డు ఉండాల్సి వచ్చేది, కార్డు రావాలంటే యజమాని సంతకం కావాల్సి వచ్చేది, సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి టెన్షన్.

మా కౌలు భూమి యజమాని అమెరికాలో ఉంటారు. వరసకి నాన్నని బాబాయ్ అంటారు. తుపాను వార్తలు చూసి వెంటనే ఫోన్ చేశారు, ఆ మర్యాదకి లోటు లేదు.

"బాబాయ్, ఎలా ఉంది అక్కడ? ఇక్కడ న్యూస్‌లో చూసి కంగారుపడ్డాం."

"ఏముంది బాబూ, అంతా నీళ్ళే."

"క్లైమేట్ అంతా పాడైపోయింది బాబాయ్. మేం ఇక్కడ ఇంటి మీద సోలార్ పెట్టించాం, కారు కూడా ఎలక్ట్రిక్‌ది తీసుకున్నాం."

"మంచిది బాబూ."

"కౌలు సంగతి సంక్రాంతి తర్వాత చూద్దాంలే."

సంక్రాంతి తర్వాత ఎకరానికి మూడు బస్తాలు తగ్గించారు. నాన్న ఇప్పటికీ ఆయన్ని మంచిమనిషి అంటారు. నేనేమీ అనను, ఎందుకంటే ఆ భూమి పోతే మాకు ఇంకో నాలుగెకరాలు దొరకవు. కానీ ప్రపంచ సదస్సుల్లో జరిగేది చూసినప్పుడల్లా నాకు ఆ ఫోన్ సంభాషణే గుర్తొస్తుంది. పలకరింపు నిజం, సోలార్ నిజం, మూడు బస్తాలూ నిజం. నష్టం మాత్రం ఎవరి చేలో పడిందో వాళ్ళదే.

"పద్ధతులు మార్చుకోవచ్చు కదా" అని కింద కామెంట్ పెట్టబోయేవాళ్ళకి ముందే చెప్తున్నా, మార్చుకున్నాం. నాట్లు మానేసి వెద పెట్టారు, అంటే విత్తనాలు నేరుగా చేలోనే వేశారు, వారం పది రోజులు ముందు కోతకి వస్తుందని. మినుము వదిలేసి, మిషన్‌తో కోయించి, దుక్కి లేకుండా మొక్కజొన్న వేస్తున్నారు. దానికి ఎరువుల ఖర్చు మినుము కంటే చాలా ఎక్కువ, గేదెల్లో రెండింటిని గడ్డి లేక అమ్మేశారు. వెద పెట్టాక జూన్, జులైలో వాన పడకపోతే మళ్ళీ మురుగు కాలువలోకే ఇంజను. చిరుధాన్యాలు వేయండి అనేవాళ్ళు కూడా ఉంటారు, 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కాబట్టి మా ఊళ్ళో దాని మీద మీటింగు కూడా పెట్టారు. కొర్రలు, సామలు మెట్ట పంటలు. సెప్టెంబరులో మా నల్లరేగడిలో నీళ్ళు నిలబడితే వాటికి వేరు కూడా మిగలదు. మీటింగులో ఈ మాట అడిగితే, మంచి ప్రశ్న అని మెచ్చుకుని, అందరికీ రాగి లడ్డూలు పంచి వెళ్ళిపోయారు.